ప్రవాసస్థానమా, కాలనీయా? ఫిలిప్పీ పత్రికలోని ‘పౌరస్థితి’పై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

ఫిలిప్పీ పత్రికను గూర్చి తెలుగులో ప్రసంగములకు కొదువ లేదు. సంతోష పత్రిక అని, చెరసాల పత్రిక అని మనము దానిని పిలుచుచున్నాము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో జరుగు ఉజ్జీవ కూటములలోను, భూస్థాపన ఆరాధనలలోను 3వ అధ్యాయము 20వ వచనము మరల మరల వినబడుచుండును. అయితే అందులోని ‘పౌరస్థితి’ అను మాటను మన బోధకులు దాదాపు ఎల్లప్పుడు ఒకే అర్థములో వాడుచున్నారు. ఈ లోకము మనది కాదు, ఇక్కడి సంగతులతో మనకు పని లేదు, చనిపోయిన తరువాత చేరవలసిన ఊరు వేరే ఉన్నది అనునదే ఆ అర్థము. ఇది పత్రికలోనుండి వచ్చిన అర్థము కాదు. ఆ పత్రికను మొదట వినిన పట్టణము యొక్క యుద్ధ చరిత్రను, భూమి చరిత్రను విడిచిపెట్టి చదువుటవలన వచ్చిన అర్థము. దీనిని చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. ఇందుకు మనము మొదట ఫిలిప్పీ చరిత్రను, తరువాత మన సీమ చరిత్రను, ఆ తరువాత మన పాత తెలుగు అనువాదములోని కొన్ని పదములను పరిశీలింతము.

1. యుద్ధము పంచిన భూమి

ఫిలిప్పీ మొదట క్రేనిడెస్ అను గ్రీకు ఊరు. క్రీ.పూ. 356లో మాసిదోనియ రాజైన రెండవ ఫిలిప్పు దానిని పట్టుకొని తన పేరు పెట్టెను. దగ్గరలోని బంగారు గనులు అతనిని ఆకర్షించినవి. క్రీ.పూ. 42 అక్టోబరులో ఈ ఊరి వెలుపలి మైదానములో రోమీయులు రోమీయులతోనే పోరాడిరి. యూలియసు కైసరును చంపిన బ్రూటసు, కాసియసు ఒకవైపు. అంతోని, ఒక్తావియను మరియొకవైపు. సుమారు మూడు వారముల వ్యవధిలో రెండు యుద్ధములు జరిగెను. మొదటి దానిలో కాసియసు, రెండవ దాని తరువాత బ్రూటసు తమ ప్రాణములు తామే తీసుకొనిరి.

యుద్ధము ముగిసిన తరువాత గెలిచినవారి యెదుట ఒక పెద్ద సమస్య నిలిచెను. కత్తి పట్టిన సైనికులకు జీతముగా భూమి ఇత్తుమని మాట ఇచ్చియుండిరి. ఆ భూమి ఎక్కడనుండి వచ్చును? ఇటలీలో 18 పట్టణముల భూములను ఇందుకొరకు ఏర్పరచినట్లు అప్పియను అను చరిత్రకారుడు వ్రాసెను. ఏ తప్పు చేయని రైతులు తమ పొలములనుండి వెళ్లగొట్టబడిరి. ఫిలిప్పీలోను కొందరు విశ్రాంత సైనికులకు భూమి పంచి, అంతోని దానిని రోమా కొలొనియగా చేసెను. క్రీ.పూ. 31లో అక్తియము యుద్ధములో అంతోని ఓడిపోయెను. అటుపిమ్మట ఒక్తావియను, ఇటలీలో అంతోని పక్షమువారి భూములను తీసి తన సైనికులకిచ్చి, భూమి పోయినవారిలో అనేకులను ఫిలిప్పీ వంటి పట్టణములకు పంపెను. తరువాత అతడు ఔగుస్తు అను బిరుదు పొందగా ఆ పట్టణము ‘కొలొనియ యూలియ ఔగుస్త ఫిలిప్పెన్సిసు’ అని పిలువబడెను.

ఈ పట్టణమునకు ‘ఇటలీ హక్కు’ అను ప్రత్యేకమైన స్థితి ఉండెను. అనగా మాసిదోనియలో ఉన్నను, చట్టము దృష్టిలో అది ఇటలీ నేలవంటిది. అక్కడి పౌరుల భూమికి పన్ను లేదు. న్యాయవిచారణ రోమా పద్ధతిలో జరుగును. పాలన లాటిను భాషలో సాగును. పట్టణములో ఔగుస్తును దేవునిగా పూజించు యాజకులుండిరి. అయితే ఆ నేల అంతకుముందు ఖాళీగా లేదు. గ్రీకులు, త్రాకీయులు అక్కడ ఎన్నో తరములుగా ఉండిరి. పంపకము తరువాత వారిలో అనేకులు తమ సొంత ఊరిలోనే పౌరులు కానివారైరి.

రోమా శాంతి సువార్తకు మార్గము సిద్ధపరచెనని మన వేదాంత తరగతులలో తరచుగా చెప్పుదురు. అందులో కొంత నిజమున్నది. పౌలు నెయపొలినుండి ఫిలిప్పీకి నడచిన ఎగ్నాతియ మార్గము మంచి రాతి బాట. కాని ఆ బాటను వేసినది సైన్యముల రాకపోకల కొరకు. ఆ శాంతి ఎవరి పొలము మీద నిలిచినదో అడుగకుండ దానిని పొగడుట చరిత్రను సగమే చదువుట.

2. పెనుకొండ సీమనుండి ఒక పోలిక, దాని హద్దు

భూమికిని యుద్ధమునకును గల ఈ సంబంధము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధములో రామరాయలు చంపబడెను. అతని తమ్ముడు తిరుమలరాయలు నామమాత్రపు చక్రవర్తియైన సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు చేరెను. చంద్రగిరికి మారువరకు పెనుకొండ రాజధానిగా ఉండెను. నేటికిని కొండమీది కోటగోడలు, క్రింది గగనమహలు దానికి సాక్షులు.

విజయనగర రాజ్యములో నాయకులకు ‘అమరము’గా సీమలను అప్పగించుచుండిరి. నాయకుడు ఆ సీమ ఆదాయములో రాజునకు భాగము చెల్లించి, నిర్ణయించిన సైన్యమును పోషించవలెను. 16వ శతాబ్దములో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజు ఈ ఏర్పాటును వివరముగా వ్రాసెను. రాబర్టు సీవెల్ 1900లో ప్రచురించిన గ్రంథములో దాని ఆంగ్లానువాదము ఉన్నది. రాజ్యము క్షీణించిన తరువాత పాళెగాళ్లు బలపడిరి. వారి క్రింద కట్టుబడి బంటులు చిన్న చిన్న ఇనాము చేలు పొంది కావలి కాయుచు, పిలిచినప్పుడు ఆయుధము పట్టుచుండిరి. 1800లో ఈ సీమ నిజామునుండి ఇంగ్లీషు కంపెనీకి దత్తమైనప్పుడు, కలెక్టరుగా వచ్చిన థామసు మన్రో సుమారు 80 మంది పాళెగాళ్లను అణచవలసివచ్చెను.

కావున కత్తికి ప్రతిఫలముగా భూమి అను సంగతి మన విశ్వాసులకు సులువుగా అర్థమగును. అయితే పోలికకు హద్దున్నది. దానిని దాటినయెడల మనము తప్పు దారి పట్టుదుము. మొదటిది, నాయకునికి అమరము ఇకముందు చేయవలసిన సేవకొరకు ఇయ్యబడినది. రాజు దానిని తిరిగి తీసుకొనవచ్చును. ఫిలిప్పీ సైనికునికి భూమి చేసి ముగించిన సేవకు ఇయ్యబడినది. అది అతని కుమారునికి చెందును. రెండవది, ఇంకను ముఖ్యమైనది. మన సీమలో రాజు, నాయకుడు, బంటు, రైతు ఉండిరి గాని రోమా అర్థములో ‘పౌరుడు’ లేడు. పన్ను లేకపోవుట, విచారణ లేక కొట్టబడకుండుట, తీర్పుకు లోబడక పై న్యాయస్థానమునకు చెప్పుకొనుట అను హక్కులు ఒక సామాన్యునికి పుట్టుకతో వచ్చు పద్ధతి ఇక్కడ ఉండలేదు. ఫిలిప్పీకి దగ్గరి పోలిక కోటలో కాదు, మన రెవెన్యూ రికార్డులలో ఉన్నది. సేవ ముగించిన మాజీ సైనికులకు ప్రభుత్వము అసైన్‌మెంటు పట్టాలిచ్చుట మన మండలములలో అందరు ఎరిగినదే. అట్టి పట్టాదారులే ఒక ఊరంతయు నిండి, ఆ ఊరికి ఢిల్లీ నగరపు చట్టమే వర్తించి, చుట్టుపట్ల పల్లెలకు వర్తించని యెడల ఎట్లుండునో ఊహించినచో, ఫిలిప్పీ కొంతవరకు మన కన్నులకు కనబడును.

3. మన అనువాదములోని నాలుగు మాటలు

అనువాదకుల శ్రమను తక్కువ చేయుట మా ఉద్దేశ్యము కాదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డేగ్రాంజెస్ అను మిషనెరీల నాటినుండి ఎందరో పండితుల చెమట ఈ పదములలో ఉన్నది. అయినను ఫిలిప్పీకి సంబంధించిన నాలుగు మాటలను విమర్శకు పెట్టవలసియున్నది.

మొదటిది ‘ప్రవాసస్థానము’ (అపొ. 16:12). మూలములోని మాట కొలొనియ. లాటిను పదమునే లూకా గ్రీకు అక్షరములలో వ్రాసెను. ప్రవాసము అనగా సొంత దేశము విడిచి పరదేశమందుండుట. ఈ మాట చదివిన తెలుగు పాఠకునికి ఫిలిప్పీలోని రోమీయులు పరవాసులుగా, కొంచెము జాలిపడదగినవారుగా కనబడుదురు. నిజమునకు వారు ఆ ఊరి యజమానులు. పరవాసులైనది ఆ నేలమీద ముందునుండి ఉన్నవారు. ఒక్క పదమువలన యజమానియు పరదేశియు తారుమారైరి. ‘రోమా సైనికుల స్థిరనివాస పట్టణము’ అని విడమరచి చెప్పుట మేలు.

రెండవది ‘బంటులు’ (అపొ. 16:35). ఇది చక్కని మాట. న్యాయాధిపతుల ముందు బెత్తముల కట్టలు మోయుచు నడచు అధికార భటులను మూలము సూచించుచున్నది. పాళెగాని యెదుట నడచిన కట్టుబడి బంటును ఎరిగిన సీమలో ఆ దృశ్యము వెంటనే తెలియును. ఆ బెత్తములే పౌలు సీలల వీపుమీద పడినవని బోధకుడు చెప్పవలెను.

మూడవది లూదియ అమ్మిన ‘ఊదారంగు పొడి’ (అపొ. 16:14). మూలములోని మాట ఊదా సరకు అమ్మునామె అని మాత్రమే చెప్పుచున్నది. ఆ సరకు రంగు కావచ్చును. రంగు వేసిన వస్త్రమని తలంచువారే ఎక్కువ. ధర్మవరములో ఈ భేదము చిన్నపిల్లలకును తెలియును. రంగు పొడి అమ్మువాని వ్యాపారము వేరు, పట్టు చీర అమ్మువాని వ్యాపారము వేరు. హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టు మొదలుకొని దారము, అద్దకము, మగ్గము, దుకాణము వరకు ఎన్ని చేతులు మారునో, ఎవరి చేతిలో పెట్టుబడి ఉండునో, ఎవరికి మగ్గము కూలి మాత్రమే మిగులునో మన సంఘస్థులు ఎరుగుదురు. లూదియ తుయతైరనుండి వచ్చిన వ్యాపారస్థురాలు. ఇల్లు ఉన్నది, ఇంటివారున్నారు. కాని సైనికుల భూమి పంపకములో ఆమెకు పాలు లేదు. ఫిలిప్పీ సంఘము అట్టి స్త్రీ ఇంటిలో మొదలాయెను.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. 3:20లోని నామవాచకము ‘పొలితెయుమ’. 1:27లో అదే మూలమునుండి వచ్చిన క్రియను పౌలు వాడెను. రెండును ‘పొలిస్’ అనగా పట్టణము అను మాటనుండి పుట్టినవి. తెలుగులో పురమునుండి పౌర అను మాట పుట్టినట్లే ఇదియు. కావున ‘పౌరస్థితి’ అనువాదకులు ఎంచిన శ్రేష్ఠమైన మాట. కాని 1:27లో వారు ‘ప్రవర్తించుడి’ అని మాత్రమే వ్రాసిరి. దీనివలన రెండు వచనముల మధ్య గల దారము తెగిపోయినది. సువార్తకు తగిన పౌరులుగా ఇక్కడ జీవించుడని మొదటి అధ్యాయములో ఆజ్ఞాపించి, ఆ పౌరత్వము ఎక్కడనుండి వచ్చినదో మూడవ అధ్యాయములో చెప్పుట పౌలు క్రమము. తెలుగులో ఆజ్ఞ మంచి నడతగా మిగిలెను; పౌరస్థితి పరలోకమునకు మాత్రమే అంటుకొనెను. మన ప్రసంగముల లోపమునకు ఒక వేరు ఇక్కడ ఉన్నది.

4. రాతిమీద పేరు

ఫిలిప్పీ సమాజము ఘనత కొరకు బ్రదికిన సమాజము. పట్టణమునకు కట్టడములు కట్టించినవారు, పదవులు పొందినవారు తమ పదవులన్నిటిని వరుసగా రాతిమీద చెక్కించుకొనిరి. జోసెఫ్ హెల్లెర్మన్ 2005లో ప్రచురించిన గ్రంథములో ఈ శాసనములను పరిశీలించి, 2:6-11లో క్రీస్తు మెట్టు మెట్టుగా దిగివచ్చుట ఆ పదవుల నిచ్చెనకు పూర్తిగా ఎదురైన దారి అని వాదించెను. ఈ వాదనను గ్రహించుటకు మనము దూరము పోనక్కరలేదు. హిందూపురమునకు దగ్గరనున్న లేపాక్షి గుడిని అచ్యుతరాయల కాలములో విజయనగర అధికారియైన విరూపణ్ణ, అతని సోదరుడు కట్టించిరి. దానముల శాసనములు అక్కడ రాతిమీద నేటికిని ఉన్నవి. కట్టించినవాని పేరు నిలిచెను. రాయి మోసినవాని పేరు నిలువలేదు. లూకా 22:25లో ప్రభువు చెప్పిన ‘ఉపకారులు’ ఇట్టి బిరుదు గలవారే. మన మందిరముల గోడలమీద చందాదారుల పేర్ల పలకలు పెరుగుచున్న ఈ కాలములో ఆ వచనము మనలను కూడ ప్రశ్నించుచున్నది.

5. కాలనీలో పౌరస్థితి

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. లాటిను కొలొనియనుండి వచ్చిన ‘కాలనీ’ అను మాట మన పల్లెలలోను ఉన్నది. ఎస్సీ కాలనీ, చేనేత కాలనీ, ఇందిరమ్మ కాలనీ. కాని అర్థము తలక్రిందులైనది. ఫిలిప్పీలో కొలొనియ అనగా ఎక్కువ హక్కులు గలవారి ఊరు. ఇక్కడ పల్లెలో కాలనీ అన్నంతనే ఊరికి వెలుపల, దళితులు నివసించు చోటు అని అందరు గ్రహింతురు. మన ప్రాంతపు సంఘములలో అనేకము ఆ కాలనీలలోనే కూడుచున్నవి.

పీటర్ ఓక్సు 2001లో ప్రచురించిన పరిశోధనలో ఫిలిప్పీ సంఘస్థులలో ఎక్కువమంది రోమా పౌరులు కానివారైయుండవలెనని నిరూపింప యత్నించెను. పత్రికలోని పేర్లు చూడుడి: ఎపఫ్రొదితు, యువొదియ, సుంటుకే గ్రీకు పేర్లు, క్లెమెంతు లాటిను పేరు. ఓక్సు చెప్పినది సరియైన యెడల 3:20 వినినవారిలో అనేకులకు భూమిమీద ఏ పౌరస్థితియు లేదు. వారికి ఆ వచనము ‘ఉన్నదానిని విడువుడి’ అని చెప్పలేదు; ‘మీకును ఒక స్థితి ఉన్నది, మీ పేరును ఒక పట్టణపు గ్రంథములో ఉన్నది’ అని చెప్పెను. పౌరులైన కొద్దిమందికి మాత్రము అది గద్దింపు. విడిచిపెట్టుట ఉన్నవాని వంతు. దేవుని స్వరూపము గలవాడు తన్ను తాను రిక్తునిగా చేసికొనెను. ఎనిమిదవ దినమున సున్నతి పొందినవాడు తన వంశమును నష్టముగా ఎంచుకొనెను. లేనివానితో విడిచిపెట్టుమని చెప్పు బోధ ఈ పత్రికలో లేదు.

మన విశ్వాసుల స్థితి ఏమి? 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులముల) ఉత్తర్వులోని మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను మొదట హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవులు చేర్చబడలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులు బీసీ-సి వర్గములో ఉన్నారు. దానికి ఒక శాతము రిజర్వేషను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఈ ప్రశ్నను పరిశీలించుటకు జస్టిసు కె.జి. బాలకృష్ణన్ కమిషనును నియమించెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వారిని షెడ్యూల్డు కులములలో చేర్చుమని కోరుచు తీర్మానము చేసెను. చట్టము ఎట్లు ఉండవలెనో వాదించుటకు ఇది స్థలము కాదు. అయితే బాప్తిస్మము అడుగు యౌవనుడు, ‘నా సర్టిఫికెటు సంగతి ఏమగును అయ్యగారూ?’ అని కాపరిని అడిగినప్పుడు, ‘మన పౌరస్థితి పైనున్నది నాయనా’ అని చెప్పి పంపివేయుట వచనమును వాడుకొనుటే గాని వివరించుట కాదు. ఫిలిప్పీలో పౌలు అట్లు చేయలేదు. విచారణ లేకుండ రోమీయులను బహిరంగముగా కొట్టి, రహస్యముగా పంపివేయ చూచిన న్యాయాధిపతులను తామే వచ్చి వెలుపలికి తీసికొని పోవలెనని పట్టుపట్టెను (అపొ. 16:37). ఆ మాటవలన అతనికి పడిన దెబ్బలు మానలేదు. కాని ఊరు విడువకముందు లూదియ ఇంటికి పోయి సహోదరులను ఆదరించెను. అధికారులు సంఘస్థుల జోలికి వచ్చుటకు ఒకసారి ఆలోచించునట్లు ఆ పట్టుదల చేసియుండును.

6. రెండు అభ్యంతరములు

ఇది పత్రికను రాజకీయముగా మార్చుట కాదా అని కొందరు అడుగవచ్చును. పౌలు వెడలిపోయి క్రీస్తుతోకూడ ఉండగోరిన మాట (1:23) పత్రికలో ఉన్నది. భూస్థాపనలో మనము చెప్పు నిరీక్షణ అబద్ధము కాదు. కాని 3:20లో ప్రయాణపు దిశను గమనించవలెను. అక్కడికి మనము పోవుట గాక, అక్కడనుండి రక్షకుడు ఇక్కడికి వచ్చుటకు ఎదురుచూచుటయే అందులోని మాట. ఫిలిప్పీలోని రోమా పౌరుడు తిరిగి రోమాకు పోవుటకు అక్కడ ఉంచబడలేదు. రోమా జీవితమును అక్కడ జీవించుటకే ఉంచబడెను.

మరికొందరు పండితులు దీనికి ఎదురుగా, పత్రికలోని ప్రతి మాటలో కైసరు మీద దాచిన తిరుగుబాటును వెదకుచున్నారు. ఇదియు అతియే. ‘రక్షకుడు’, ‘ప్రభువు’ అను బిరుదులు కైసరులకు వాడబడినవి నిజమే; వినినవారికి ఆ పోటీ తట్టియుండును. కాని కైసరు ఇంటివారిలోని పరిశుద్ధుల వందనములను (4:22) కూడ పౌలే పంపుచున్నాడు. అధికారమునకు సలాము కొట్టుటయు కాదు, కత్తి దూయుటయు కాదు. వేరొక పట్టణపు న్యాయమును ఈ పట్టణములో జీవించుటయే ఆయన కోరినది.

ముగింపు

1:27లో పౌలు ఏకమనస్సుతో నిలిచి, జతగా పోరాడుడని సైనికుల మనుమలు నివసించు పట్టణమునకు వ్రాసెను. ఆ మాటలు యుద్ధరంగములోనివి. కాని ఆ పోరాటములో ఎవరి భూమియు లాగుకొనబడదు. కావున తోటి కాపరులకును, విద్యార్థులకును మా మనవి మూడు సంగతులు. 3:20ని 1:27 లేకుండ బోధింపకుడి. ‘ప్రవాసస్థానము’ అను మాట చదివినప్పుడు, ఆ భూమి ఎవరిదైయుండెనో ఒక నిమిషము వివరించుడి. మీ సంఘస్థుల పట్టాలు, సర్టిఫికెట్లు, మగ్గము కూలి లెక్కలు పరలోకమునకు సంబంధము లేనివని తలంచక, వారితో కూర్చుండి చదువుడి. అవసరమైనప్పుడు పెనుకొండ ఆర్డీవో కార్యాలయము వరకు, పుట్టపర్తి కలెక్టరు కార్యాలయము వరకు వారివెంట పోవుడి. ఊరి వెలుపలి కాలనీలో కూడుకొన్నవారికి పరలోక పౌరస్థితిని ప్రకటించు నోటికి, ఈ లోకపు కచేరిలో వారి పక్షమున ఒక్క మాట చెప్పుట భారము కాకూడదు.